పార పట్టినవాళ్ళకే నీరా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. నేను రేపల్లె, కర్లపాలెం, బాపట్ల వెళ్ళొచ్చి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి, తరవాత తీరిగ్గా చదువుకోవచ్చు. తెనాలి మనిషి రేపల్లె చూసి రావడం కూడా ఒక యాత్రేనా అని మా వీధిలో అందరూ అన్నారు. ఆ అన్నవాళ్ళలో ఒక్కరు కూడా నేను చూసింది చూడలేదు.

నాకు తెనాలి మార్కెట్టు పక్క సందులో ఇడ్లీ కొట్టు ఉంది. కొట్టు ముందు ఒక బల్ల ఉండేది. నలుగురు కూర్చుని తినేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళిన కొత్తల్లో మా వీధులు చూసే ఇన్‌స్పెక్టరు వచ్చి, "నీకు అనుమతి కొట్టు లోపలికేనమ్మా. బయట తినేవాళ్ళని కూర్చోబెట్టకూడదు" అన్నాడు. లోపల పొయ్యి, పిండి రుబ్బే రోలు, నేను, మా ఆయన. ఇక మనుషుల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, నా నెత్తినా? అదే మాట అడిగాను. బల్ల తీయించి మరీ వెళ్ళాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ వారమే సాంబయ్య వచ్చాడు. కర్లపాలెం వైపు నుంచి తేగల కట్టలు తెచ్చి తెనాలిలో అమ్ముకునే మనిషి. బల్ల లేదు కాబట్టి నిలబడే ఇడ్లీ తింటూ అన్నాడు: "మా ఊరి దగ్గర నాంచారమ్మక్క తోపులో అయితే పందిరి కింద చాపేసి కూర్చోబెడతారక్కా. తెల్లారే నీరా పోసి, కాల్చిన తేగలు పెడతారు. బాపట్ల నుంచి బస్సెక్కి వస్తారు జనం."

"పొలంలోనా? ఎవరూ ఏమీ అనరా?"

"అంటున్నారనే విన్నాను."

అంతే, నేను వెళ్ళాలనుకున్నాను. మా ఆయన నోరు తెరిచాడు.

"ఒక్కదానివే వెళ్తావా?"

"ఇద్దరం వెళ్తే కొట్టెవరు చూస్తారండీ?"

పాపం, ఆయన లేచి వెళ్ళి పప్పు నానబోశాడు.

రేపల్లె: పట్టాలు ఆగిపోయే చోట

తెనాలి నుంచి రేపల్లె బండి ఎంత నిదానమంటే, దారిలో ప్రతి పొలానికీ కుశలం అడిగి కదులుతుంది. పెట్టెలో నా ఎదురుగా బీబమ్మ కూర్చుంది. రేపల్లెలో గాజులమ్ముకునే ముసలామె. తెనాలిలో సరుకు కొని, గాజుల మలారం ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లలా పట్టుకుంది. వేమూరు రాకముందే నా పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసింది.

"తాటితోపు చూడ్డానికి డబ్బులు పెట్టుకుని పోతున్నావా బేటీ? మీ తెనాల్లో తాళ్ళు లేవా?"

"తాళ్ళున్నాయి. కూర్చోబెట్టేవాళ్ళు లేరు."

ఆమె పకపకా నవ్వి, రాత్రికి వాళ్ళింట్లోనే ఉండమంది. ఎవరో ఏమిటో తెలియని మనిషిని ఇంటికి రమ్మనడం మా తెనాలిలో అంత తేలిక కాదు. కాఫీ దాకా పిలుస్తాం, ఆ తరవాత గడియారం చూస్తాం.

స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. నా వృత్తి అది, తినకుండా ఎలా ఉంటాను? ధర మా కొట్టులో ఉన్నంతే, ఇడ్లీ మాత్రం మా దాంట్లో సగం. "ఏంటయ్యా, మిగతా సగం ఏదీ?" అని అడిగితే ఆ కొట్టతను, "పల్చగా ఉంటేనే అరుగుతుందండి" అన్నాడు. చట్నీ మాత్రం బాగుంది. బాగున్నదాన్ని బాగుందనకపోతే కళ్ళు పోతాయి.

బీబమ్మ ఇంట్లో కొర్రమేను పులుసు. మేము పులుసులో చిన్న బెల్లం ముక్క వేస్తాం, వాళ్ళు వెయ్యరు. ఎండుమిరపకాయలు దంచి వేస్తారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా రెండోసారి వేయించుకున్నాను. వాళ్ళింట్లో తిన్నానని తెలిస్తే మా వీధిలో కొందరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ, ముక్కులు వాళ్ళవే, వేళ్ళు వాళ్ళవే.

అన్నం తింటుంటే బీబమ్మే చెప్పింది, ఆ తోపు సంగతి. గాజులు అమ్ముతూ ఆ ఊళ్ళన్నీ తిరుగుతుంది కాబట్టి ఆమెకి తెలియని కబురు లేదు. "మొన్న టముకు వేశారు బేటీ. వ్యవసాయ భూమిలో పని చేసుకునేవాళ్ళు తప్ప చూడ్డానికొచ్చినవాళ్ళు కూర్చోకూడదు, తినకూడదు, తాగకూడదంట. పందిరి పీకెయ్యాలంట. నువ్వు పోయేసరికి ఉంటుందో ఊడుతుందో."

ఇక్కడా మా బల్ల గొడవేనన్నమాట!

మంచులో దిగాను

పొద్దున్నే మొదటి బస్సెక్కాను. మాఘమాసం, పొగమంచు కమ్మేసి బస్సు ముందు ఎద్దు ఉందో బండి ఉందో తెలియడం లేదు. కర్లపాలెం దాటాక ఒక పల్లె దగ్గర దింపమన్నాను. ఆ పల్లె పేరు రాయను. రాస్తే మళ్ళీ ఆవిడ మీదికి జీపు పంపిస్తారు.

కండక్టరు దింపాల్సినచోట కాకుండా ముందే దింపేశాడు. "అదిగోనమ్మా తోపు" అని మంచులోకి చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి చూసుకుంటూ నడిచి పంటకాలవలో పడ్డాను. మోకాళ్ళ దాకా బురద. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, చలికి తువ్వాలు తలకి చుట్టుకుని, కండక్టర్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఒక గట్టెక్కాను. ఎదురుగా ఇసుక దిబ్బలు, వాటిలో వంగి తవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్ళు, పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఇంకో ఆవిడ.

"ఇప్పుడా రావడం?" అని అరిచింది ఆవిడ. "పొద్దెక్కాక వస్తే సగం కూలే ఇస్తా. ఊఁ, పట్టు పార!"

చూడ్డానికొచ్చినదాన్నని చెప్పొచ్చు. కానీ నన్ను 'ఇప్పుడా రావడం' అని అడిగిన మనిషి ఈ భూమ్మీద ఇంతవరకు లేడు. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసేదాన్ని నేను! చిర్రెత్తుకొచ్చింది. పార లాక్కున్నాను.

తెలియనివాళ్ళకి చెప్పాలి కదా. తాటిటెంకల్ని ఇసుకలో పాతితే కిందికి దిగే మొలకే తేగ. పక్కనుంచి ఇసుక తవ్వి, విరక్కుండా పైకి తీయాలి. విరిగితే కట్టలో కట్టరు. ఆ పల్లెలో పద్ధతేమిటంటే, విరిగిన తేగ తీసినవాళ్ళదే. నేను తీసిన మొదటిదీ విరిగింది, రెండోదీ విరిగింది. "అవన్నీ నువ్వే తింటావా?" అంది ఆవిడ. తింటాను, నీకేం అన్నాను.

ఆవిడే నాంచారమ్మ.

నాంచారమ్మ పందిరి

మంచు విడిపోయాక చూశాను. ఎకరన్నర ఇసుక నేల, చుట్టూ గట్ల మీద తాటిచెట్లు. నాలుగు చెట్ల మధ్య మోకులు కట్టి, పైన ఆకులు కప్పిన పందిరి. కింద చాపలు. చాపల మీద బాపట్ల నుంచి వచ్చిన పదిమంది దాకా జనం. కోటయ్య, అంటే నాంచారమ్మ భర్త, కుంటుతూ వాళ్ళకి తాటాకు దొన్నెల్లో నీరా పోస్తున్నాడు. లోపల సున్నం పూసిన కల్లుకుండని, అదే లొట్టిని, చెట్టుకి కడితే కల్లు పులవదు, తియ్యగా ఉంటుంది. అదే నీరా. చెట్ల పన్ను కట్టారు, నీరాకి అనుమతి ఉంది. అభ్యంతరమల్లా జనం కూర్చోవడానికే.

ఇంతలో ఒక తలారి, వాడి వెనకాల కల్లు పాటదారు గుమాస్తా వచ్చారు. మద్యనిషేధం ఎత్తేశాక కల్లు కొట్లకి పాటలు పెట్టారు కదా, ఆ ఊళ్ళో పాట పాడుకున్న పెద్దమనిషికి ఈ పందిరి కంట్లో నలుసు. అందరూ ఇక్కడ తియ్యటి నీరా తాగి పోతుంటే ఆయన పుల్లటి కల్లు ఎవరికి కావాలి?

"పనిలో ఉన్నోళ్ళు ఉండండి. చూడొచ్చినోళ్ళు లేవండి, లేవండి!" అని తలారి కేకేశాడు. పంచెలు, ప్యాంట్లు దులుపుకుంటూ అందరూ లేచారు. ఒక కొత్త పెళ్ళికూతురైతే దొన్నె సగంలో వదిలేసి నడిచింది. నేను కూడా లేవబోయాను. అప్పుడే చాప అంచున కూర్చున్నాను, దొన్నె నా చేతిలోనే ఉంది.

"నువ్వు కాదమ్మా, నువ్వు తాగు. పనిలో ఉన్నావుగా" అన్నాడు తలారి.

నేను వాడి కళ్ళలోకి చూస్తూ తాగాను. చల్లగా, తియ్యగా, చివర్న కొంచెం సున్నం రుచి. అంత రుచిగా నేను జన్మలో ఏదీ తాగలేదు. వాడు చూస్తూ నిలబడ్డాడు.

గుమాస్తా పోతూ పోతూ అన్నాడు, "రేపు ఆదివారం బాపట్ల నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. పందిరి ఉంటే ఆయనే పీకిస్తారు."

వాళ్ళు వెళ్ళాక నాంచారమ్మ చాప మీద కూలబడింది. కోటయ్య చెప్పాడు. పోయినేడు మోకు జారి పడ్డాడు. ఇప్పుడు నాలుగు చెట్లకి మించి ఎక్కలేడు. మిగతావి ఎక్కడానికి మనుషుల్ని పెట్టుకుంటే ఆ ఖర్చుకి ఈ పందిరే ఆధారం. "పందిరి పోతే చెట్లు పాటదారుకి అప్పగించాల్సిందేనమ్మా. ఆయనేం ఇస్తే అది పుచ్చుకుని, మా తోపులో మేమే ఆయన కింద కూలికి పోవాలి."

"కూలికి" అన్న మాట దగ్గర నా బుర్రలో దీపం వెలిగింది.

"నాంచారమ్మా, నేను ఎవర్ననుకుంటున్నావ్?"

"మా మేస్త్రీ రాఘవమ్మ పంపిన కూలిమనిషివి."

"కాదు. తెనాలి నుంచి నీ నీరా తాగడానికి వచ్చినదాన్ని."

ఆవిడ నా బురద కాళ్ళ వంక చూసింది. "మరి ఇంతసేపూ తవ్వావేంటి, పిచ్చిదానా?"

"తవ్వాను కాబట్టే నన్ను లేపలేదు! టముకులో ఏమన్నారు? పనిలో ఉన్నవాళ్ళు తప్ప అన్నారు. రేపు వచ్చేవాళ్ళందరికీ పార ఇవ్వు."

"బాపట్ల ప్లీడర్లకా? తేగలన్నీ విరగ్గొట్టేస్తారు."

"విరిగినవి వాళ్ళవే కదా!"

కోటయ్య నవ్వాడు. నాంచారమ్మ నవ్వలేదు. ఆ దిబ్బల వంక చూసింది. తేగలే ఆమెకి శివరాత్రి దాకా గడిచే తిండి. చివరికి లేచి, "పారలు చాలవు. ఊళ్ళో అడుక్కురావాలి" అంది. ఇద్దరం వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి తెచ్చాం. పాటదారంటే భయపడి మాట్లాడని ఇళ్ళవాళ్ళు కూడా పార మాత్రం ఇచ్చారు. ఒకావిడ రెండిచ్చింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

ఆదివారం

మొదటి బస్సులో వచ్చిన జనానికి నేనే ఎదురెళ్ళాను. కొట్టులో పిలిచే గొంతుతోనే పిలిచాను: "రండి బాబూ రండి. పార పట్టినవాళ్ళకే నీరా! పట్టనివాళ్ళకి మంచినీళ్ళు కూడా లేవు."

కొందరు మొహాలు చిట్లించారు. ఒక పెద్దాయన, ఇస్త్రీ పంచె, కళ్ళజోడు, "ఏంటమ్మా ఈ వేళాకోళం?" అన్నాడు. బాపట్లలో ప్లీడరట. విషయం మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "టముకు వేసిన మాటలు మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. పంచె ఎగ్గట్టాడు.

ఇక చూడండి! బట్టల కొట్టాయన, చదువుకునే కుర్రాళ్ళు, నిన్న దొన్నె వదిలేసిపోయిన పెళ్ళికూతురు, ఆమె మొగుడు, అందరూ ఇసుకలో. అబ్బో, ఆ విరగ్గొట్టడం! ఫట్టుమని ఒకటి, ఫట్టుమని ఇంకొకటి. నాంచారమ్మ గుండెలు బాదుకుంటూ, "పక్కనుంచండీ, పక్కనుంచి తవ్వండి! మీ తెలివి తగలెయ్యా!" అని దిబ్బ దిబ్బకీ పరిగెత్తింది. పెళ్ళికూతురు మాత్రం ఒక పొడవాటి తేగ చెక్కుచెదరకుండా తీసి మొగుడి మొహం ముందు ఆడించింది. ఆ మొగుడికి అప్పటికి ఒక్కటీ రాలేదు.

పొద్దు కొంచెం పైకొచ్చాక జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగాడు, వెనక గుమాస్తా. ఇన్‌స్పెక్టరు పందిరిని చూశాడు, ఇసుకలో జనాన్ని చూశాడు.

"ఏమ్మా, పందిరి ఇంకా తీయలేదా?"

"తీస్తే మా కూలోళ్ళు నీడకి ఎక్కడ కూర్చుంటారండీ?" అంది నాంచారమ్మ. గొంతు గట్టిగానే ఉంది. లొట్టి చేతిలో పట్టుకునే ఆయనకి ఎదురు నిలబడింది.

"వీళ్ళంతా కూలీలా? అయ్యా, మీరు బాపట్ల ప్లీడరు గారు కదూ?"

"అది కోర్టు ఉన్న రోజుల్లోనండి" అన్నాడాయన, నడుం పట్టుకుని లేస్తూ. "ఇవాళ నాంచారమ్మ గారి దగ్గర పనిలో ఉన్నాను."

గుమాస్తా అందుకున్నాడు. "అబద్ధం సార్! పనిచేస్తే కూలి తీసుకోవాలి గానీ, వీళ్ళే ఆవిడకి డబ్బులిస్తారు!"

అదే మేము భయపడ్డ మాట. అందరూ నాంచారమ్మ వంక చూశారు. ఆవిడ లొట్టి కింద పెట్టి కొంగు బిగించింది.

"తాగినదానికి పైసా తీసుకోనండి. అది కూలి. తవ్వినోడికి నీరా, విరిగిన తేగా ఇవ్వడం మా అత్తగారి రోజుల నుంచీ ఉన్నదే, ఊళ్ళో ఎవర్నైనా అడగండి. పోయేటప్పుడు తేగల కట్ట కొనుక్కుపోతారు, దానికి తీసుకుంటాను. నా పొలంలో పండింది నా గట్టు మీద అమ్మకూడదని టముకు వెయ్యలేదుగా? వేస్తే చెప్పండి, అది కూడా వింటాను!"

ఇన్‌స్పెక్టరు పందిరి చుట్టూ తిరిగి వచ్చాడు. గుంజ పాతి ఉంటే కట్టడమని పీకించొచ్చనేమో, ఆ చోటు వెతికినట్టున్నాడు. చెట్లకి కట్టిన మోకులే కనిపించాయి. ఎండ చురుక్కుమంటోంది. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "సరే, ముందు ఓ దొన్నె ఇవ్వమ్మా" అని చాప వైపు నడిచాడు.

కోటయ్య పొయ్యబోయాడు. నాంచారమ్మ అడ్డం వచ్చింది.

"ఇవ్వకూడదండి."

"ఏంటీ?"

"మీరు పనిలో లేరు కదండీ. మీకిస్తే తప్పు నాదవుతుంది. రేపు మీరే వచ్చి పందిరి పీకించాలి."

ఒక పార ఆయనకి రెండడుగుల దూరంలోనే ఉంది. ఆయన దాని వంక చూశాడు, తన బూట్ల వంక చూసుకున్నాడు. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. అంతలో జీపు డ్రైవరు, అప్పటిదాకా పక్కన నిలబడ్డవాడు, చెప్పులు విప్పేసి ఆ పార అందుకుని ఇసుకలోకి దిగాడు. రెండు వేట్లు వేసి ఒక తేగ తీశాడు. విరగలేదు. నాంచారమ్మ దొన్నె నిండా పోసి ఇచ్చింది. తన అధికారి ఎదురుగా నిలబడి గటగటా తాగాడు.

"పద" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్క తేగ సగం తీసి ఉందండి, వదిలేస్తే విరుగుతుంది" అన్నాడు డ్రైవరు. అది తీసేదాకా ఆయన ఎండలో నిలబడ్డాడు. పందిరి తీయమని మళ్ళీ అనలేదు. జీపెక్కుతుంటే నాంచారమ్మ వెనకనుంచి కేకేసింది: "మళ్ళీ రండి సార్! మీ కోసం పార విడిగా ఉంచుతాను!"

జీపు మలుపు తిరగ్గానే ఆవిడ ఇసుకలో కూర్చుని భోరున ఏడ్చింది. ఏడుస్తూనే విరిగిన తేగలు చూసి అందర్నీ తిట్టింది. ప్లీడరు గారికి కూడా తిట్లు తప్పలేదు. ఆయన సంతోషంగా తిట్లు తిని, రెండు కట్టలు కొన్నాడు.

బాపట్ల స్టేషన్లో

బాపట్లలో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. గుడి ఉంది, అవతల సముద్రం ఉంది. నేను స్టేషన్లో బెంచీ చూశాను. చేతులు బొబ్బలెక్కాయి, నడుం వంగడం లేదు, ఎక్కడికీ కదల్లేదు. పక్కన కూర్చున్నావిడ నా చేతులు చూసి, "ఏం పని చేస్తావమ్మా?" అంది జాలిగా. "కూలికెళ్ళొస్తున్నా" అన్నాను గొప్పగా. ఆవిడకి ఆ గొప్పేమిటో అర్థం కాలేదు. నాంచారమ్మ కాల్చి ఇచ్చిన విరిగిన తేగ ఒకటిచ్చాను. చీల్చి, లోపల చందమామ అని పిలిచే తెల్లటి మొలక ముందు తిని, బాగుందంది. స్టేషన్ ఇడ్లీ గురించి మాత్రం నన్ను అడక్కండి.

మళ్ళీ తెనాలి

నేను లేనప్పుడు మా ఆయన పిండి మరీ పులియబెట్టి పారేశాడు. అది వేరే కథ, ఆయన పరువు కోసం రాయను.

మొన్న సాంబయ్య వచ్చాడు. ఆ ఇన్‌స్పెక్టర్ని పంచాయతీలో అడిగితే, "అక్కడ పనివాళ్ళు తప్ప ఎవరూ లేరు" అన్నాడట. పాటదారు ఊరుకోలేదు, పందిరి మరీ పెద్దదని ఇంకో ఫిర్యాదు పెట్టాడట. నాంచారమ్మ ఇంకో రెండు తాటిచెట్లకి కలిపి దాన్ని ఇంకా పెంచిందట. ఒక పార మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా పక్కన ఆనించి ఉంచిందట. ఎవరికని అడిగితే, "సారు కోసం" అంటోందట.

ఈ కబురంతా సాంబయ్య కూర్చునే చెప్పాడు. అవును, బల్ల మీద కూర్చునే. తిరిగొచ్చిన మర్నాడే దాన్ని మళ్ళీ బయట వేశాను. మా వీధి ఇన్‌స్పెక్టరు ఊరుకుంటాడా? వచ్చాడు. బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో చేట, చేటలో సాంబారు ఉల్లిపాయలు.

"ఏంటమ్మా ఇది? బయట కూర్చోబెట్టకూడదని చెప్పానా లేదా?"

"తినేవాళ్ళని కదండీ మీరు వద్దన్నది? వీళ్ళు మా పనివాళ్ళు."

ఆయన వాళ్ళని చూశాడు. నలుగురూ తలెత్తకుండా తొక్కలు తీస్తున్నారు. కాసేపు అటూ ఇటూ చూసి, ఇక చేసేదేమీ లేదన్నట్టు బల్ల చివర చతికిలపడి, "ఓ కాఫీ ఇవ్వు" అన్నాడు.

నేను ఒక చేట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన మొదటి ఉల్లిపాయ తొక్క తీసేదాకా కాఫీ కలపలేదు.